ఫ్రేములవాడి మోకాలు

ఫ్రేములవాణ్ణి ఇంటికి లాక్కొద్దామని వెళ్లిన పెద్దమ్మ, వాడు గెలవడం కళ్లారా చూడాల్సి వచ్చింది.

గొడవ వ్యాయామశాల గుమ్మంలోనే మొదలైంది. శాల నడిపే కండలాయన చేతులు కట్టుకుని తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

“నీ జబ్బు సంగతి నాకు తెలుసు గురూ. గీరుకుంటే చాలు, రక్తం ఆగదంట. ఇక్కడ ఏదన్నా అయితే నన్ను లోపలేస్తారు.”

“పొద్దస్తమానం గాజు కోసుకుని బతికేవాణ్ణి. గాట్ల గురించి నాకా చెబుతున్నావు?” అన్నాడు ఫ్రేములవాడు.

“ఆయన చెప్పేది నిజమే. వీణ్ణి రానివ్వకు బాబూ,” అంది వెనకనుంచి పెద్దమ్మ.

వాడి సొంత మనిషే తన వైపు చేరేసరికి కండలాయన ఛాతీ ఇంకాస్త పొంగింది. “చూశావా? మీ అమ్మే వద్దంటోంది.”

“అమ్మ కాదు, పెద్దమ్మ. ఆవిడ నన్ను మెట్లు కూడా ఎక్కనివ్వదు. ఆవిడ మాట వదిలెయ్. ఆ పొట్టి స్టూలు ఇటు లాగి, చేతులు ఆనించకుండా, చప్పుడు కాకుండా, నెమ్మదిగా కూర్చో చూద్దాం. నేను ‘చాలు’ అనేదాకా స్టూలు తగలకూడదు.”

లోపల ఇనుము ఎత్తుతున్న కుర్రాళ్లంతా చేతిలోవి కింద పెట్టి మూగారు. కండలాయన నవ్వుతూ వంగాడు. సగం దాకా బాగానే దిగాడు. అక్కడ తొడలు వణికాయి. మొహం ఎర్రబడింది. ధబ్బున కూలబడ్డాడు. స్టూలు కీచుమంది. కుర్రాళ్లు గొల్లుమన్నారు.

“పైన మేడ కట్టావుగానీ పునాది మర్చిపోయావన్నా,” అన్నాడు ఫ్రేములవాడు. తర్వాత తను కూర్చున్నాడు. నిలువెత్తు గాజుపలకని బల్ల మీదికి దించుతున్నట్టు, ఊపిరి వదులుతూ దిగాడు. స్టూలుకి వాడు తగిలినట్టే తెలియలేదు.

“సరే, రా. కానీ మోకాలికి ఏమన్నా అయితే...” అన్నాడు కండలాయన.

“కాకుండా ఉండటానికేగా వచ్చేది!”

వాడు ఓడిపోవాలని పెద్దమ్మ ఎందుకు కోరుకుందో ఆ శాలలోవాళ్లకి తెలియదు.

పెద్దమ్మకి ఒక తమ్ముడుండేవాడు. పుట్టు కుంటి కాదు. మోకాలు వాచేది, తగ్గేది, మళ్లీ వాచేది. చివరికి కుడికాలు ఈడ్చి నడవడం అలవాటైంది. టక్, సర్ర్. టక్, సర్ర్. వరండాలో ఆ చప్పుడు వినబడితే, తలెత్తకుండానే “వచ్చావా?” అనేది. మీసం రాకముందే వాడికి పన్ను పీకించారు. నోట్లో రక్తం ఆగలేదు. ఇంట్లో ఉన్న తువాళ్లన్నీ తడిసిపోయాయి. జబ్బుకి పేరుందని కూడా అప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. వాడిది ఒక్క ఫొటో కూడా లేదు. పోయిన తర్వాత కూడా వరండాలో ఆ అడుగు వినబడుతూనే ఉండేది. గిన్నెలు తోముతూ ఆగి వినేది పెద్దమ్మ. ఎవరికన్నా చెబితే పిచ్చిదంటారు. పిచ్చిదనిపించుకోవడం ఆవిడకి మహా నామోషీ.

చెల్లెలికి కొడుకు పుట్టాడు, ఈ ఫ్రేములవాడే. పాకడం మొదలెట్టగానే వాడి మోకాళ్లూ వాచాయి. హీమోఫీలియా అన్నాడు డాక్టరు. రక్తం గడ్డకట్టదనీ, తల్లి వైపునుంచి వస్తుందనీ చెప్పాడు. కొన్నాళ్లకి చెల్లెలు జ్వరంతో పోయింది. పిల్లాడు పెద్దమ్మ ఒళ్లో పడ్డాడు. మంచం కోళ్లకీ బల్ల అంచులకీ పాత దుప్పట్లు చుట్టింది. పరిగెత్తనివ్వలేదు, చెట్టెక్కనివ్వలేదు. మంచం దిగితే కేకలేసేది. ఎదిగేసరికి వాడి తొడ చేతి మందాన మిగిలింది. ఒకనాడు వంటింట్లో ఉండగా వరండాలో వినబడింది: టక్, సర్ర్.

గరిట జారిపోయింది. తీరా చూస్తే చెల్లెలి కొడుకు.

అప్పటినుంచి ఆ చప్పుడు కోసమే ఆవిడ చెవి కాచుకుని ఉండేది. తమ్ముడు ఇల్లు వదిలిపోలేదని ఆవిడ లెక్క. అది బాధో ఊరటో ఆవిడకే తెలియదు.

వాడు ఆవిడ మీద పంతం పట్టినట్టు పోయి పోయి గాజు పనే నేర్చుకున్నాడు. వీధి మలుపులో ఫొటోలకి ఫ్రేములు కట్టే దుకాణం పెట్టాడు. గోడనిండా పోయినవాళ్ల ఫొటోలే, తీసుకెళ్లేవాళ్ల కోసం ఎదురుచూస్తూ. పెద్దమ్మ ఎప్పుడు వెళ్లినా వాటికి వీపు పెట్టి కూర్చునేది.

మొన్నటి వానాకాలం పెద్ద పలక ఒకటి ఎత్తుతుంటే మోకాలు మెలితిరిగింది. పలక నేల మీద భళ్లున పగిలింది. పెద్దమ్మ పరిగెత్తుకొచ్చి వాడి చేతులు తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా చిన్న గాటు లేదు.

“చేతులు కాదు పెద్దమ్మా,” అన్నాడు పళ్లు బిగబట్టి. “లోపల. వెచ్చగా నిండుతోంది.”

ఆస్పత్రిలో గడ్డకట్టే మందు నరంలోకి ఎక్కించారు. వాపు తగ్గాక, వ్యాయామాలు చేయించే పొట్టి డాక్టరమ్మ వచ్చింది. తొడ కొలిచి పెదవి విరిచింది.

“కీలుకి కాపలా కాసేది కండ. అది లేకపోతే అడుగడుక్కీ కీలు దెబ్బ తింటుంది, లోపల రక్తం కారుతుంది. ఇలాగే వదిలేస్తే ఆయన బల్ల దగ్గర నిలబడి పని చేయలేడు. చిన్నప్పుడు మంచం మీద ఎవరు కూర్చోబెట్టారు?”

“నేనే. కూర్చోబెట్టాను కాబట్టే నీ ముందున్నాడు,” అంది పెద్దమ్మ. “నీ కొలతల టేపు పుట్టకముందు నుంచి కాస్తున్నా నేను.”

డాక్టరమ్మ నొచ్చుకోలేదు. “నిజమేనమ్మా. అప్పుడు మందు లేదు, ఇప్పుడుంది. ముందు మందు, తర్వాత బరువు. కొంచెం కొంచెం, నెమ్మదిగా. జివ్వుమన్నా వెచ్చబడ్డా అక్కడితో ఆపెయ్యాలి.”

ఇంట్లో రోజూ వాడికి అదే పని: రబ్బరు పట్టీ కాలికి తగిలించుకుని లాగడం, గోడకి వీపు ఆనించి దిగడం, లేవడం. పెద్దమ్మ పక్క గదిలోకి పోయి తలుపేసుకునేది. వాడు ఊపిరి వదిలినప్పుడల్లా అవతల ఎవరో మూలుగుతున్నట్టుండేది.

నెలలు గడిచాయి. ఒక సాయంత్రం వరండాలో కూరలు తరుగుతుంటే వెనక ఎవరో నిలబడినట్టయింది.

“ఎవరు?”

“నేనే పెద్దమ్మా.”

“చప్పుడు లేకుండా వస్తావేంట్రా, దొంగలాగా!”

“కాలు ఈడ్వడం లేదుగా!” వాడి మొహం వెలిగిపోతోంది. “చూడు, మడమ ముందు పడుతోంది.”

ఆవిడ చూసింది. వాడు లోపలికి నడిచాడు. వరండా నిశ్శబ్దంగా ఉండిపోయింది. ఇంట్లోంచి ఇంకెవరో లేచి, చెప్పకుండా వెళ్లిపోయినట్టు అనిపించింది. చీకటి పడేదాకా ఆవిడ గుమ్మంలో కూర్చుని విన్నది. వీధిలో ఎవరెవరి అడుగులో వచ్చాయి, పోయాయి.

ఆ తర్వాతే వాడు వ్యాయామశాల మాట ఎత్తడం, ఆవిడ వెంటపడి వెళ్లడం, కండలాయన ఓడిపోవడం.

ఆ రోజు ఇంటికొచ్చాక వాడు చొక్కా చేతులు పైకి మడిచాడు. పాత వాపులకి బిగుసుకుపోయి ఎడమ మోచెయ్యి పూర్తిగా చాచుకోదు, కుడిది పూర్తిగా మడతపడదు. శాలకి పోయేముందు మందు ఎక్కించుకోవాలి, అదీ ఇంట్లోనే. ఆస్పత్రి తలుపులు తెరిచేసరికి దుకాణం తెరిచే వేళ దాటిపోతుంది. ఎడమ చెయ్యి కుడి చేతి దాకా రాదు. ఒకటికి రెండుసార్లు ప్రయత్నించి ఆపేశాడు.

“ఈ చేతుల్తో నా నరం నేను అందుకోలేను.”

“అయితే మానెయ్,” అంది పెద్దమ్మ గబుక్కున.

వాడు ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

“నువ్వు ఎవరి అడుగు కోసం వింటావో నాకు తెలుసు. నేను కాలు ఈడుస్తూ వరండాలోకి వస్తే, నన్ను చూడకముందు నువ్వు వేరే పేరు పెట్టి పిలిచేదానివి. మావయ్యని ఇన్నేళ్లు నా కాల్లో మోశాను. ఇక నా వల్ల కాదు.”

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తువాళ్లు కళ్ల ముందు మెదిలాయి.

“నేను సూది పట్టుకోలేన్రా. ఆ రక్తం చూడలేను.”

“నువ్వు చూసిన రక్తం ఆగలేదు. ఇది ఆగడానికే. నీ చెయ్యి వణకదు, ఈ ఇంట్లో సూదిలోకి దారం ఎక్కించేది ఇప్పటికీ నువ్వే. నర్సు నేర్పుతానంది.” వాడు కుడి చెయ్యి ఆవిడ ఒళ్లో పెట్టాడు. మోచేతి మడతలో నరం నీలంగా కనబడుతోంది. “రేపు నాతో ఆస్పత్రికి రా, పెద్దమ్మా. ఈ నరంలో మందు నువ్వే ఎక్కించు.”