చిన్నమ్మ పక్క సీటు

మొన్న మంచిర్యాల బస్సులో నా వెనక సీటాయన ఎవరో సంత్ర పండు ఒలిచాడు. తొక్క గిల్లగానే ఆ పుల్లటి వాసన బస్సంతా పాకింది, నా కళ్లు చురుక్కుమన్నాయి. కరుణమ్మ చిన్నమ్మ పోయి ఏడాది దాటింది. అయినా ఆ వాసనకు నాకు ముందు దుఃఖం రాదు, కోపం వస్తుంది. ఆ పండు తొనలు నాకంటే ముందు ఎవరెవరి చేతుల్లో పెట్టేదో గుర్తొచ్చి కడుపు మండుతుంది.

చిన్నమ్మ అంటే మాకు చుట్టరికమేమీ లేదు. మా బాపు మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుడు. క్వార్టర్లలో మా పక్కిల్లు ఆమెది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది, మిగతా రోజులు మంచిర్యాలలో చిన్న కుట్టు దుకాణం నడిపేది. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను, కుట్టు నేర్పుతానని వెంట తీసుకుపోయింది. నా వెనక ఇంకా చిన్నపిల్లలున్న ఇంట్లో నన్ను కన్న అవ్వకు నా మాట వినే తీరిక ఎక్కడిది? చిన్నమ్మ కత్తెర పక్కన పెట్టి మరీ వినేది. అవ్వ మీద నేను అలగడం, స్నేహితురాలు నాతో మాట్లాడటం మానేయడం, నాకొచ్చే పిచ్చి కలలు, అన్నీ. "మరి నీ మనసుల ఏమనిపిచ్చింది బిడ్డా?" అని అడిగేది. అంతకుముందు నన్ను ఎవరూ అలా అడిగి ఎరగరు. లోకంలో మనసనేది నా ఒక్కదానికే ఉందని, అది ఆమె ఒక్కదానికే కనిపించిందని గట్టిగా నమ్మాను.

బస్సెక్కితే చాలు, ఆ నమ్మకం మట్టిలో కలిసేది. చిన్నమ్మకు ఒక పక్క నేను, ఇంకో పక్క ఎవరో పరాయి మనిషి. ఆమె సంచిలోంచి పండు తీసి, ఒలిచి, మొదటి తొన ఆ మనిషికే ఇచ్చేది. నాకు కాదు! "తిను చెల్లె, మీదే ఊరు?" అని మొదలయ్యేది. ఒకనాడు గాజుల మూటతో ఒక ముస్లిం ముసలామె ఎక్కింది. రెండు తొనలు నోట్లో వేసుకున్నాక, "కొత్త కోడలు నవ్వుతనే లేదమ్మా. మాకు దాచి ఏడుస్తుందేమోనని జర ఫికరైతుంది" అని చిన్నమ్మ చేయి పట్టుకుంది. దిగేదాకా ఆ చేయి వదల్లేదు. నేను మూతి ముడుచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నా వాటా తొనలు అరచేతిలోనే నలిగిపోయాయి.

శుక్రవారం సాయంత్రం చిన్నమ్మ ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. నేను చర్చి మనిషిని కాకపోయినా చాప మీద ఆమె పక్క చోటు నాదే. పాటలయ్యాక ఎవరి కోసం ప్రార్థించాలో ఒక్కొక్కరూ చెప్పేవారు. మోకాళ్ల నొప్పులు, పిల్లల చదువులు, ఎవరి గొడవ వాళ్లది. ఆ వారం బాపు నన్ను కుట్టుపని మానేయమన్నాడు. ఏడ్చి ఏడ్చి నా ముఖం ఉబ్బిపోయింది. చిన్నమ్మ నా పేరు చెబుతుందని చెవులు రిక్కించి కూర్చున్నాను. ఆమె కళ్లు మూసుకుని, "ప్రభువా, గాజుల పెద్దమ్మ కోడలు మంచిగ నవ్వాలె" అంది.

అందరూ వెళ్లేదాకా ఎలా ఆగానో నాకే తెలియదు. "నీ పక్కకు కూసున్నదాన్ని, కానొస్తలేనా చిన్నమ్మా? తెల్వనోళ్లందరికి దేవుడు, నాకేమో ఉత్తచెయ్యా?" అన్నాను.

ఆమె చాప చుడుతూ నవ్వింది. "నీ సంగతి దేవునిదాక ఎందుకే? పొద్దుగాలనే మీ బాపుకు చెప్పిన. సరే అన్నడు. రేపు జల్ది తయారుగ ఉండు."

ఆ మాటకు నా కోపం చల్లారాలి కదా? చల్లారితే నేనెందుకవుతాను! బాపు ఒప్పుకున్నందుకు సంతోషమే, కానీ ఆ ప్రార్థన మాత్రం ఆ ముసలామె ఎగరేసుకుపోయింది.

చిన్నమ్మను మట్టి చేశాక చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. పోయినవాళ్ల గురించి తెలిసినవాళ్లు లేచి నాలుగు మాటలు చెప్పాలి. నాకంటే బాగా ఆమెను ఎరిగినవాళ్లు ఎవరున్నారని నేను చీర సర్దుకుని లేవబోతుండగా, ముందు వరసలో ఒకామె లేచింది. నేనెప్పుడూ చూసిన ముఖం కాదు. ఖానాపూర్ నుంచి వచ్చానని, చిన్నమ్మతో పరిచయం బస్సులోనే అని చెప్పింది.

"కరుణమ్మక్క చిన్నప్పుడు గోదాట్ల ఈత కొట్టేదట. బర్ల ఎంబడి ఆవలి ఒడ్డుకు పొయ్యేదట. లగ్గమై ఈడికొచ్చినంక మళ్ల నీళ్లల్ల దిగనేలేదట. 'ఇప్పటికి గుడ కండ్లు మూస్తే కాళ్లు ఆడుతయి చెల్లె' అన్నది నాతోని."

ఈతా? మా చిన్నమ్మా? లేవబోయినదాన్ని మళ్లీ కూర్చుండిపోయాను. కూడిక అయ్యాక గేటు దగ్గర ఆమెను పట్టుకున్నాను.

"గివన్ని నీకెట్ల చెప్పింది? నాకెన్నడు చెప్పలే!" అన్నాను. గొంతులో కక్ష నాకే వినిపించింది.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "నువ్వు సరితవు గదా? ఎప్పుడు నీ ముచ్చటే తీసేది. 'మా సరిత నా పానం. గని దాని ముంగట నాకు మాట్లాడ సందు దొరకది, వినుడే సరిపోతది' అని నవ్వేది."

నిలువునా నీరైపోయాను. ఆమె ప్రాణం నేనే. ఆ మాట కోసం ఎన్నేళ్లు కాచుకున్నానో! తీరా అది చెవిన పడినప్పుడు, దాని వెంట గోదావరి అంత చిన్నమ్మ వచ్చింది, అందులో నాకు తెలిసింది ఒక్క చుక్క కూడా లేదు. ఇన్నేళ్లూ నా పక్కన కూర్చున్న పరాయి మనిషి చిన్నమ్మే. ఖానాపూర్ ఆమె బస్సుకు టైమైందంటున్నా వినకుండా, "ఇంకేం చెప్పింది?" అని ఆమె కొంగు పట్టుకున్నాను.

ఇప్పుడు నాకు నస్పూర్‌లో సొంత కుట్టు దుకాణం ఉంది. కొలతలివ్వడానికి ఎవరొచ్చినా కూర్చోబెట్టి, నోరు మూసుకుని, వాళ్లు చెప్పేదంతా వింటాను. సరితక్కకు కరుణమ్మ మంచి మనసే వచ్చిందని ఆడవాళ్లు అనుకుంటారట. మంచి మనసా, నా బొందా! నా ఎదురుగా ఉన్న మనిషి లోపలి మాట నాకంటే ముందు ఇంకెవరో వినేస్తారేమోనని కుళ్లు.