ఒక్క ముద్దకు ఏమైతది

"ఒక్క ముద్దకు ఏమైతది?"

ఈ మాట అన్న ప్రతి మనిషి ముఖమూ నాకు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళలో సగం మంది పోయారు కూడా. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఆ మంచిగుణం నాకు అబ్బలేదు. నా బిడ్డ కడుపుకు గోధుమలు పడవు మహాప్రభో అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. విన్నవాళ్ళంతా "అయ్యో పాపం" అని తల ఊపి, మళ్ళీ ఆ రొట్టె ముక్కే దాని చేతిలో పెట్టారు.

అప్పుడు మేం బెల్లంపల్లిలో ఉండేవాళ్ళం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్ళు కావస్తున్న రోజులు. మా ఆయన బొగ్గు బావిలో సర్దార్. అంటే కూలీల కంటే ముందు లోపలికి నడిచి, చేతికర్రతో పైకప్పు తట్టి, శబ్దం విని, రాయి గట్టిగా ఉందంటేనే వాళ్ళను పనికి రానిచ్చే ఉద్యోగం. నేను కరీంనగర్ పక్క పల్లెలో జొన్న రవ్వ కాచిన గట్క తాగి పెరిగినదాన్ని. మా అత్తమ్మది చెన్నూరు. మాతోనే ఉండేది. నోరు పెద్దది, చేయి పెద్దది, మనవరాలంటే ప్రాణం. ఆ ప్రాణమే నా ప్రాణం మీదికి తెచ్చింది.

పిల్లకు పాలు మాన్పించి తిండి అలవాటు చేసిన కొన్నాళ్ళకే మొదలైంది. పొట్ట కుండలా ఉబ్బింది. కాళ్ళూ చేతులూ పుల్లలయ్యాయి. రోజుకు ఏడెనిమిది సార్లు విరేచనాలు, ఆ కంపు ఇల్లంతా. నడక నేర్చిన పిల్ల మళ్ళీ నడక మానేసింది. మా వైపు ఒంట్లో బాగాలేదంటే డబుల్ రొట్టె, అదే బ్రెడ్డు, పాలల్లో నానబెట్టి తినిపిస్తారు. జొన్న రొట్టె గట్టివాళ్ళకు, గోధుమ రొట్టె రోగులకూ అల్లుళ్ళకూ. రోగిని చూడటానికి వట్టి చేతులతో పోవడం తప్పు కాబట్టి, వచ్చిన ప్రతి వాళ్ళూ ఒక డబుల్ రొట్టె పట్టుకొచ్చేవాళ్ళు. పిల్ల ఎంత చిక్కిపోతే అంతమంది వచ్చేవాళ్ళు. ఎంతమంది వస్తే అన్ని రొట్టెలు. నేనూ పెట్టాను. తెలియక పెట్టాను కాబట్టి ఆ పాపం నాకు లేదని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను.

చివరికి రైలెక్కి నాగపూర్ పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ ఒక ముసలి డాక్టరు, ముఖం చూస్తే నవ్వడం ఎన్నడూ నేర్చుకోలేదనిపించింది. ఆయన మా ఆయనతో మాట్లాడలేదు. నా వైపు తిరిగి, పొద్దున లేచిన దగ్గర నుంచి పిల్ల ఏమేం తింటుందో వరుసగా చెప్పమన్నాడు. అంతవరకు ఏ డాక్టరూ నన్ను ఆ మాట అడగలేదు. నేను నా వచ్చీరాని ఉర్దూలో చెప్పాను. మొత్తం విని "గేహూఁ బంద్. దూధ్ భీ బంద్" అన్నాడు. గోధుమల్లో ఉండే జిగురు ఈ పిల్ల పేగును పుండు చేస్తోందనీ, పేగు మానేదాకా పాలు కూడా అరగవనీ చెప్పాడు. పప్పు, నూనె, కారం కొంచెం కొంచెంగానే. బియ్యం, జొన్న, మక్క, అరటిపండు పెట్టొచ్చు.

"ఎన్ని దినాలు సాబ్?" అన్నాడు మా ఆయన.

"పాలు కొన్ని నెలలు. గోధుమ జన్మంతా" అన్నాడు డాక్టరు. మా ఆయన నన్ను చూశాడు, నేను గోడను చూశాను.

అక్కడి నుంచి మొదలైంది నా తిరగలి బతుకు. కరువు రోజులు. రేషన్ దుకాణంలో బియ్యం అడిగితే అమెరికా గోధుమలు కొలిచి పోసేవాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. మా పుట్టింటికి కబురు పెట్టి జొన్నలు తెప్పించుకున్నాను. గిర్నీలో పిండి పట్టిస్తే రెండో రోజే పిల్లకు మళ్ళీ కడుపు జారింది. ఎందుకా అని గిర్నీ దగ్గరే నిలబడి చూశాను. నాకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించుకున్నారు. వాళ్ళ పిండి అడుగున మిగిలి, నా జొన్నపిండిలో కలిసి దిగింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఇసుర్రాయి మీదే విసిరాను. ఆ తర్వాత చారులో వేసే ఇంగువ. కోమటి దుకాణంలో అడిగితే "ఉత్త ఇంగువ ఎవలు కొంటరమ్మా, అందుట్ల గోధుమ పిండి కలుస్తది" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంగువ ఎత్తి పెంటలో పారేశాను.

పిల్లకు ఒకటే నేర్పాను. ఎవరు ఏం పెట్టినా నోరు తెరవొద్దు, నా చేతితో పెడితేనే తినాలె. నాలుగేళ్ళు కూడా నిండలేదు, ఎంత బుద్ధిగా నేర్చుకుందో! ఎవరు బిస్కట్ చూపించినా రెండు చేతులూ వెనక పెట్టుకుని "మా అవ్వ పెడితెనే తింట" అనేది; మా వైపు అమ్మను అవ్వ అనే పిలుస్తారు. నేను ముద్ద కలిపి పిలిస్తే మాత్రం, ఆటలోనే ఉండి, ఇటు చూడకుండానే నోరు తెరిచేది.

మూడు నెలల్లో పొట్ట తగ్గింది. చెంపలు వచ్చాయి. ఒకనాడు గడప దాటి వీధిలోకి పరుగెత్తింది. ఆ పరుగు చూసి నేను పొయ్యి దగ్గర కూచుని ఏడ్చాను.

అయినా జనం ఊరుకోరు కదా. "ఇంత జీతం తెచ్చెటోని బిడ్డకు జొన్న గట్కనా?" అని ఒకామె. "పాలు లేకుంట పిల్ల ఎట్ల బతుకుతదే, నీకేమన్న పిచ్చా?" అని ఇంకొకామె. "ఊరంత ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని నా వెనకే అన్నారు, నాకు వినబడేలాగే అన్నారు. అననీ అనుకున్నాను. పిల్ల పరుగెత్తుతోంది, నాకు అది చాలు.

అప్పుడు చెప్పింది మా అత్తమ్మ, పిల్ల లేచి తిరిగితే సత్యనారాయణ వ్రతం చేయిస్తానని మొక్కుకున్నానని. ఇసుర్రాయి తిప్పి నా అరచేతులు కాయలు కాస్తే పేరు దేవుడికి పోయింది. పోనీలే, దేవుడే కదా అని ఊరుకున్నాను. కానీ ఆ వ్రతం ప్రసాదం ఏమిటి? గోధుమ రవ్వ, పాలు, నెయ్యి, చక్కెర. నాగపూర్ డాక్టరు వద్దన్నవన్నీ ఏరి ఒక్క గిన్నెలో వేసినట్టు.

"అత్తమ్మా, పిల్లకు మాత్రం పెట్టొద్దు" అన్నాను ముందురోజే.

"దేవుని ప్రసాదం రోగం తెస్తదానే? లెంపలేసుకో!" అంది.

వ్రతం పొద్దున. మధ్యాహ్నం మా ఆయనకు రెండో షిఫ్టు. ఇద్దరం పీటల మీద కూచున్నాం. పంతులు సంస్కృతంలో గడగడా చదివి, మధ్యమధ్య కథ మాత్రం తెలుగులో చెప్పాడు. చివరి కథ అందరికీ తెలిసిందే. మొగుడు పడవలో వచ్చాడని విన్న ఒకామె ప్రసాదం తినకుండా రేవుకు పరుగెత్తుతుంది, ఆమె కళ్ళముందే పడవ మునిగిపోతుంది. హారతి అయింది. అందరి చేతుల్లో ప్రసాదం పడింది. పిల్ల మాత్రం రెండు చేతులూ వెనక పెట్టుకుంది.

అత్తమ్మ బతిమాలింది. పిల్ల ముఖం తిప్పుకుంది. మా ఆయన పెట్టబోయాడు. "మా అవ్వ పెడితెనే తింట" అంది. కొందరు నవ్వారు. తర్వాత నవ్వులు ఆగి, అందరూ నా వైపు చూశారు.

"వద్దు" అన్నాను. "దానికి పడది."

"నీ మొగడు బాయిల దిగెటోడు" అంది అత్తమ్మ. గొంతు పెంచలేదు, నెమ్మదిగానే అంది. "ఇప్పుడే కథ ఇన్నవు. ప్రసాదం కాదన్నదాని మొగని పడవ ఏమైంది?"

ఆ గదిలో కూచున్న ప్రతి ఆడదానికీ మొగుడో కొడుకో బావిలో ఉన్నాడు. అంతకు నెలరోజుల ముందే మా క్వార్టర్ల వరుసలోనే ఒక ఇంటికి బావి నుంచి శవం వచ్చింది. ఆ ఇల్లాలు కూడా ఆ గదిలోనే, గోడకు ఆనుకుని కూచుని ఉంది. మా ఆయన చేతికర్ర తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఒక్క ముద్దకు ఏమైతది? పెట్టరాదూ. నాకు టైమైతుంది" అన్నాడు.

పెట్టాను.

నేనే పెట్టాను. గిన్నెలోంచి వేళ్ళతో తీసి, ఉండ చేసి, నా చేత్తో పెట్టాను. అది ఎప్పటిలాగే నా చేతి వైపు చూడకుండా నోరు తెరిచింది. తియ్యగా ఉందని ఇంకొంచెం అడిగింది. "చూసినవా, మింగిందా లేదా!" అని అత్తమ్మ సంబరంగా ఇంకో పిడికెడు తెచ్చింది. ఆ పూట ఏమీ కాలేదు కాబట్టి, ఆ గిన్నె ఖాళీ అయ్యేదాకా, నేను నీళ్ళకు పోయినప్పుడు ఒక ముద్ద, బట్టలుతికేటప్పుడు ఒక ముద్ద పెట్టింది; నేను పెట్టిన తీపే కాబట్టి పిల్లా కాదనలేదు. అడిగితే "నీ చేతుల మీదుగ మొదలైంది గదా, ఇగ ఫికర్ ఏంది" అంది.

మూడో రోజు పొద్దున వాంతులు పట్టుకున్నాయి. తర్వాత ఆగని విరేచనాలు. సాయంత్రానికి పిల్ల కళ్ళు లోపలికి పోయాయి, చర్మం పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండిపోయింది. ఆసుపత్రిలో నరం దొరకక చీలమండ దగ్గర కొంచెం కోసి సెలైన్ ఎక్కించారు. బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు. ఇక జనం రావడం మొదలుపెట్టారు. చేతుల్లో ఏముందనుకున్నారు? డబుల్ రొట్టెలు! నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఒక్కొక్కటే తీసి వరండాలోంచి బయటికి విసిరాను. "నా బిడ్డ సస్తె దినానికి తెద్దురు, ఇప్పుడు పొండి!" అని అరిచాను. అనరాని మాటే. ఇప్పుడు అడిగినా మళ్ళీ అంటాను.

మా ఆయన షిఫ్టు దిగి బొగ్గు ముఖంతోనే వచ్చాడు. ఆయన్నీ వదల్లేదు. "బాయిల ఇంతింత రాయిని కట్టెతోని తట్టి సూస్తవు గదా, ఒక్క రాయికి ఏమైతదని ఎన్నడన్న అన్నవా?" అని అడిగాను. మంచం పక్కన నేల మీద కూచుని కర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు.

బతికింది. పదిహేను రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం. మళ్ళీ గంజి నుంచి మొదలు, మళ్ళీ ఇసుర్రాయి.

పిల్ల లేచి కూచోగానే అత్తమ్మ మళ్ళీ వ్రతం మాటెత్తింది, ఆసుపత్రిలో మొక్కుకుందట. ఈసారి నేను వద్దనలేదు. "చేద్దాం. కానీ పంతులు చదివే ప్రతి మాటకూ నాకు అర్థం చెప్పాలె" అన్నాను. పంతులు విసుక్కున్నాడు గానీ కూచున్నాడు. ఆయన చదవడం, నేను "అంటే?" అనడం. అట్లా నైవేద్యం దగ్గరికి వచ్చింది.

"అరటిపండ్లు, నెయ్యి, పాలు, గోధుమ రవ్వ. అవి లేకుంటె వరిపిండి, చక్కెర లేకుంటె బెల్లం" అన్నాడు.

"ఏమన్నరు?"

"గోధుమ లేకుంటె వరిపిండి అన్న. అందుట్ల ఉన్నదే చెప్తున్న."

"పోయినసారి కూడ అందుట్ల ఉన్నదా?"

"ఎప్పటికీ ఉంటదమ్మా."

"మరి అప్పుడెందుకు చెప్పలే?"

"అప్పుడెవలు అడిగిండ్రు?" అన్నాడు, తప్పంతా నాదే అన్నట్టు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు. నేను ఆ సామెతను అంతవరకు నవ్వుతూనే వాడాను. ఆ రోజు పీట మీద కూచుని, ఎదురుగా దేవుడి పటం ముందే, ఆ పంతులును నా నోటికి వచ్చినన్ని తిట్లు తిట్టాను. ఎవరూ ఆపలేదు. అత్తమ్మ లేచి లోపలికి పోయింది. కాసేపటికి బియ్యపు రవ్వ వేగుతున్న వాసన వచ్చింది. బెల్లం, అరటిపండు వేసి, పాలు లేకుండా, తనే ప్రసాదం చేసి తెచ్చింది. పిల్లకు తను పెట్టలేదు. గిన్నె నా ముందు పెట్టి పక్కకు తప్పుకుంది. చీర కొంగుతో ముఖం తుడుచుకోవడం చూశాను. ఆమె మీద నా కోపం మాత్రం ఆమె పోయేదాకా పోలేదు.

నేను ముద్ద తీసి పిల్లను పిలిచాను.

అది వచ్చింది. నోరు తెరవలేదు. వంగి నా చేతిలో ఉన్నదాన్ని చూసింది, తర్వాత నా ముఖం చూసింది. "అవ్వా, గిది నాకు పడుతదా?" అని అడిగింది.

"పడుతది బిడ్డా."

"నిజంగ?"

అప్పుడు తిన్నది. ఇప్పుడు దానికి మనవలున్నారు. ఈడువాళ్ళంత ఎత్తు ఎదగలేదు, నా భుజం దాటలేదు, కానీ గట్టిగా ఉంది. పండక్కి వస్తే ఇప్పటికీ నేనే కలిపి ముద్ద పెడతాను, వద్దనదు. కానీ నోరు తెరిచే ముందు ఒక్కసారి నా చేతిలోకి చూస్తుంది.