నవల ఊరి పిల్ల

గద్వాల బడిలో తెలుగు చెప్పిన ఏడాది నాకు కడుపుమంట ముదిరింది. రెండు ముద్దలు తింటే మూడోది దిగేది కాదు. బడి వదలగానే ఇంటికొచ్చి నవల రాసుకునేవాణ్ని. అందులో నాయిక దగ్గి దగ్గి, చిక్కి శల్యమై, చివరి అధ్యాయంలో ప్రాణం వదలాలి. ఆ దగ్గు ఎలా రాయాలో తేలక నేనే దగ్గి చూసుకునేవాణ్ని. ఆడగొంతుతో, సన్నగా.

నా భార్య పోరు పడలేక కోట దగ్గరుండే ముసలి హకీం దగ్గరికి వెళ్లాను. ఆయన నాడి పట్టుకుని, "దినమంత ఏం జేస్తవు పంతులూ?" అని అడిగాడు. నవల సంగతి చెప్పాను. కథ చెప్పమన్నాడు. పిల్ల దగ్గు దాకా వచ్చేసరికి నా చెయ్యి వదిలేశాడు.

"ఆ పిల్లకు దవా ఎవరిస్తుండ్రు?"

"ఎవ్వరిస్తలేరు, హకీం సాబ్."

"ఏం, ఆ ఊర్ల హకీం లేడా?"

లేడన్నాను. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "నీ కడుపు సంగతి తర్వాత చూస్త. ముందుగాల పిల్లను పొద్దున్నే నడిపియ్యి. మేకపాలు తాపు. జొన్న గట్క పెట్టు. పానం జర నిమ్మళమైనంక నువ్వు రా" అని పంపేశాడు.

నడక ఎలా ఉంటుందో, మేకపాల రుచి ఏమిటో తెలియకుండా ఎలా రాస్తాను? మర్నాడు తెల్లవారగానే ఊరి బయటి చేలదాకా నడిచి వచ్చి, పక్కింటి ముసలమ్మను పాలు అడిగాను. ఆమెకు మేకలున్నాయి.

"ఎవరికి పంతులూ?"

"నా నవలల ఒక పిల్లకు దగ్గు, అవ్వా."

"ఔ, ఆ దగ్గు నేను గోడెంబడి ఇంటనే ఉన్న. నవల అంటే యాడుంటది? అలంపూర్ అవతలనా?"

నవల ఊరు కాదనీ, అది కాగితాల మీది కథ అనీ వివరించాను. ఆమె తల ఊపి, పాలు కాస్త ఎక్కువే పోసింది. సాయంత్రానికల్లా వాడలో ఆడవాళ్లంతా పిల్లను చూడ్డానికి వచ్చారు.

"ఏ పిల్ల?" అని నా భార్య నా వైపు తిరిగిన తీరు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ముందు లోపలి గది వెతికింది. తర్వాత నన్ను అడిగింది. సంగతి విని, బయటికి వెళ్లి, "పిల్ల లేదమ్మా" అని చెప్పింది.

అంతే, ఒక్కసారిగా ఏడుపులు లేచాయి. ముసలమ్మ గడపలోనే కూలబడి గుండెలు బాదుకుంది. వీధిలో మగవాళ్లు తలపాగాలు తీసేశారు. నా భార్య బెదిరిపోయి, "అయ్యో, ఉంది! ఉంది! లోపట పండుకుంది!" అని అరిచింది.

ఆ మాట ఇక వెనక్కి తీసుకోలేకపోయాం. రోజుకొకరు ఏదో ఒకటి తెచ్చేవారు. రాగి పిండి, బెల్లం, ఉసిరికాయలు వచ్చాయి. నా దగ్గర చదివే పిల్లవాడి తండ్రి ధరూర్ నుంచి బండి కట్టుకుని తేనె తెచ్చాడు. పారేయలేం కదా, పొద్దున నడిచొచ్చి నేనే తినేవాణ్ని. నెమ్మదిగా మంట తగ్గింది, బుగ్గలు నిండాయి. దాంతో ఊళ్లో కొత్త గుసగుస మొదలైంది. చివరికి హెడ్మాస్టరు పిలిపించాడు.

"రోగంల ఉన్న పిల్ల తిండి నువ్వు తింటున్నవంట గదా? గిదేం పని?"

దిక్కుతోచక హకీంను తీసుకొచ్చాను, ఆయనైనా నిజం చెబుతాడని. హకీం కుర్చీలో కూర్చుని గంభీరంగా అన్నాడు: "ఆమె నా మరీజు, నా దగ్గరనే వైద్యం. ఇప్పుడు మంచిగనే ఉంది."

"మరి ఎవ్వరికీ కనపడతలేదేంది?"

"పొద్దుగాలనే నడిచొస్తది. నువ్వు లేస్తే గదా కనపడేది?"

హెడ్మాస్టరు ముఖం కందిపోయింది. నన్ను క్లాసుకు పొమ్మన్నాడు.

ఇన్ని ఇళ్ల సొమ్ము తిన్న పిల్లను ఎలా చంపను? చివరి అధ్యాయంలో ఆమెకు జబ్బు నయం చేసి, పెళ్లి చేసి, అమరచింతకు కాపురానికి పంపాను. ఎండాకాలం సెలవులకు ముందే నా భార్య వీధిలో ఆ కబురు చెప్పింది. ఒడిబియ్యం పోయకుండా ఎట్లా పంపినవని ఆడవాళ్లంతా తిట్టి, ఆ బియ్యం నా భార్య ఒడిలోనే పోసి పోయారు.

నవలను ఒక పత్రికకు పంపితే తిరిగొచ్చింది. నాయిక బతకడానికి తగిన కారణం కనిపించలేదట. హకీంకు చెప్పాను. "ఆళ్లకు వైద్యం తెల్వదు" అన్నాడు.

వానలు పడ్డాక ఒకరోజు ముసలమ్మ గోడ మీదుగా పిలిచి, పిల్ల ఎట్లుందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి నా భార్య జవాబు చెప్పింది.

"మంచిగుంది అవ్వా. మూడో నెల."

అలా నేను రెండో నవల మొదలుపెట్టవలసి వచ్చింది.