మా తోటికోడలు చెప్పిన కత్తియుద్ధాల సినిమా

మా పెద్ద తోటికోడలు పోయింది. కొన్నాళ్ళుగా పక్క ఊరు ఉతైలో ఉంటున్న బావగారు పొద్దున్నే ఫోన్ చేసి, "అమ్మకి మెల్లగా చెప్పమ్మా" అన్నారు. అమ్మంటే మా అత్తగారు, నా దగ్గరే ఉంటారు. మెల్లగానే చెప్పాను. ఆవిడ "ఇంక నాకు సినిమా ఎవులు సెప్తారు?" అన్నారు. ఎదురుగా నేను నిలబడే ఉన్నాను.

నేను భిలాయిలో పుట్టి పెరిగినదాన్ని. హిందీ నాకు తెలుగు కంటే బాగా వచ్చు. నేను అక్కా అని పిలిచే ఆ తోటికోడలు శ్రీకాకుళం వైపు పల్లె నుంచి కోడలుగా వచ్చింది. ఆవిడ హిందీ కూరగాయల బండి దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. అయినా మా క్వార్టర్‌లో టీవీ ముందు అత్తగారికి అర్థం చెప్పే కుర్చీ ఆవిడదే.

అత్తగారికి ప్రాణమైన సినిమా ఒకటుంది. ముసుగు కత్తివీరుడి పాత సాహసకథకి పాటలూ హాస్యమూ కలిపి తీసిన హిందీ సినిమా. వీరుడు దీపాల గుత్తి పట్టుకుని ఊగుతాడు, పిండిబస్తాలో పడతాడు, తెల్లగా లేచి పాటందుకుంటాడు. అది ఎప్పుడొచ్చినా అక్క వంటింట్లోంచి అట్లకాడతోనే వచ్చి కూర్చునేది. కత్తులు తిరిగితే అట్లకాడా తిరిగేది.

సైన్యాధికారి "గాలీ మత్ దో" అని అరుస్తాడు, తిట్టొద్దని. అక్క మాత్రం "గాలి తగలనీకు అంతన్నాడత్తా, జొరమేమో పాపం" అంది. అత్తగారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. వీరుడు కిటికీలోంచి దూకబోతూ రాకుమారితో "కల్ మిలేంగే" అంటాడు. "కల్లో కలుద్దామంతన్నాడు" అంది అక్క.

నేనుండబట్టలేక, "కల్ అంటే రేపు. రేపు కలుద్దామని అత్తయ్యా" అన్నాను.

"రేపయితే ఎవుడైనా వస్తాడు" అన్నారావిడ.

అక్క నావైపు తిరిగి, "బొమ్మ పరిగెడతంటే అర్థం కోసం ఆగుతామేటి చెల్లీ? తోచింది చెప్పీడమే" అంది.

నా రెండు కాన్పులకీ దగ్గరుండి స్నానాలు పోసింది ఆవిడే. అది మర్చిపోను. కుళ్ళు మాత్రం వేరే సంగతి. అత్తగారి ఆ నవ్వు ఒక్కసారి నా మాటకి రావాలని ఎంత కోరుకున్నానో మీకు చెప్పలేను. అక్క ఊరెళ్ళినప్పుడు నేను తప్పు లేకుండా అర్థం చెప్పేదాన్ని. అత్తగారు ఆవులించేవారు.

దినవారాలు అయిపోయాక ఆ సినిమా మళ్ళీ వచ్చింది. ఆ కుర్చీలో నేను కూర్చుని, "చెప్తాను అత్తయ్యా" అన్నాను.

"వద్దమ్మా. అది సెప్పీసింది కదా."

నన్ను ఆవిడ ఏనాడూ అంత చనువుగా 'అది' అనలేదు.

టీవీ గొంతు కూడా తగ్గించమన్నారు. తగ్గించాను. తెర మీద ముసలి రాజు ప్రాణం పోతోంది, చుట్టూ అందరూ తలలు దించుకున్నారు. సినిమా మొత్తానికి ఏడుపు సీను అదొక్కటే. అత్తగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నారు.

"అక్కడ అక్క ఏం చెప్పింది?" అని అడిగాను.

ఆవిడ నావైపు చూడకుండానే, చెప్పనన్నట్టు చెయ్యి ఊపి, తెర వైపే చూస్తూ ఇంకా ఇంకా నవ్వారు.