దూడకిచ్చిన నా పేరు

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క ఉన్నట్టుండి రుద్రమదేవి అయిపోయింది. పదో తరగతి దరఖాస్తులో కావాలంటే పేరు మార్చుకోవచ్చని మాస్టారు చెప్పారట. కాకతీయుల రాణి గుర్రమెక్కి యుద్ధం చేసిన పాఠం చదివినప్పటి నుంచి అక్కకు ఆవిడంటే పిచ్చి. మర్నాడు మిరప కల్లంలో కాయలు ఏరే ఆడవాళ్లంతా "రుద్రమా, ఇటు రావే" అని మురిసిపోతుంటే ఆ ఘాటంతా నా కడుపులోకి దిగింది.

నా పేరు పెంటమ్మ మరి.

ఇంటికొచ్చి మా నాయనమ్మ ముందు కూలబడ్డాను. పేరు మార్చుకోకపోతే బడిలోకి రానివ్వరని, ఆ మాట చెప్పడానికి కలెక్టరుగారే జీపేసుకొచ్చారని అబద్ధాలు పేర్చాను. "నాకూ రుద్రమే కావాలి. అక్కకంటే నేనే బాగా పరిగెత్తుతా!"

నాయనమ్మ తిట్టలేదు. "అట్టాగే లేవే. పాత పేరు ఊరికే పోవడమెందుకు, మన గేదె దూడకి పెట్టుకుంటా" అంది.

ఆ సాయంత్రం నుంచి నాకు మర్యాదలే మర్యాదలు. "రుద్రమదేవిగారూ, అన్నం తింటారా అండీ?" అనేది. దొడ్లోకి వెళ్లి మాత్రం "పెంటమ్మా, నా తల్లీ, నా బంగారూ" అంటూ దూడ మెడ నిమిరేది. రోజూ నాకిచ్చే బెల్లం ముక్క దాని నోట్లో పెట్టేది. అక్క మీదున్న కుళ్లంతా రెండ్రోజుల్లో దూడ మీదికి మళ్లింది. మూడోనాడు వెళ్లి దాన్ని ఒక్కటి చరిచాను.

"అదేం చేసిందే పాపం?"

"నా పేరు నాకిచ్చెయ్!" అని బావురుమన్నాను.

అప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పింది. నాకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారట. అందుకని నేను పుట్టగానే నన్ను పెంటకుప్ప మీద దొర్లించి, పక్కింటి అక్క వాళ్లమ్మ చేతిలో పెట్టి, చేటెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుందట. చావుకి కూడా అసహ్యం పుట్టాలని ఆ పేరు పెట్టిందట. "రాణిగారిది గొప్ప పేరే. కానీ నీకా పేరు పెట్టినప్పుడు ఎంతమంది దేవుళ్లకి మొక్కుకున్నానో నీకేం తెలుసే" అంది.

నా పేరు నేను తెచ్చేసుకున్నాను. దూడ అలిగి పదిరోజులు గడ్డి ముట్టలేదు. నమ్మకపోతే మీ ఇష్టం.

ఇప్పుడు బ్రాడీపేటలో అక్క కోచింగ్ సెంటర్ బోర్డు మీద ఆ రాణి పేరు జానెడేసి అక్షరాల్లో ఉంటుంది. అటు వెళ్లినప్పుడల్లా కడుపులో మిరపకాయ కదులుతుంది, అబద్ధమెందుకు. కానీ ఆస్పత్రిలో నా పేరు పిలిచినప్పుడు పక్కవాళ్లు ముసిముసిగా నవ్వితే, గొంతెత్తి "నేనేనండీ!" అంటాను. అన్నప్పుడల్లా మా నాయనమ్మ చెయ్యి నా మెడ నిమిరినట్టే ఉంటుంది.