కెప్టెన్ సంతకం

తొమ్మిదేండ్ల సంది ఒక అబద్ధం మోస్తున్న. మొన్న నా రిటైర్మెంటు సభల దాని మీద శాలువా కూడ కప్పిండ్రు. నువ్వెవరో నాకు తెల్వదు, నేనెవరో నీకు తెల్వద్దు. అందుకే ఈ కాయితం రాసి నీకు చెప్తున్న.

నేను ఇబ్రహీంపట్నంల ఒక బడికి పీటీ సారును. ఆడపిల్లల కబడ్డీ టీం నా చేతికిందనే ఉండేది. సభల ఒకాయన మైకు పట్టుకొని, కోపిష్టి పిల్లను కెప్టెన్ చేసి దారికి తెచ్చిన మహానుభావుడు అని నన్ను పొగిడిండు. అందరు చప్పట్లు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మంట? ఆయన మీదనా? కాదు, నా మీదనే.

ఆ పిల్లను సరిత అనుకో. మంచాల ఊరి దిక్కు నుంచి బస్సుల వచ్చేది. దానంత మంచి రైడర్ మా టీంల లేదు, కాని కోపం ముక్కు మీదనే ఉండేది. కూత ఆగిందని రెఫరీ అంటే ఆయన మీదికే పోయేది. ఓడిపోతే తోటి పిల్లలను తిట్టి, కోర్టు పక్కన కూసొని ఏడ్చేది. దాన్నే కెప్టెన్ చేసిన. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే ఉందని స్టాఫ్‌రూంల నవ్విండ్రు. కెప్టెన్ అంటే టీం కోసం మాట పడాలె, ఎదురు చెప్పొద్దు అని దానికి రోజూ నూరిపోసిన. నిజంగనే మారింది. పడ్డ పిల్లను లేపి, దానికి నీళ్లు తాపినంకనే తను తాగేది. మంచి ఆలోచననే చేసిన, చూడు. ఆ ఆలోచనను నేనే పాడు చేసిన.

జిల్లా పోటీలొచ్చినయ్. అక్కడ మంచిగ ఆడితే సరిత రాష్ట్ర జట్టుకు పోయేది, ఖాయం. నాకు గెలుపు పిచ్చి పట్టింది. వయసు దాటిన ఒక పిల్లను, దాని చెల్లె వయసు చూపే బోనఫైడ్ సర్టిఫికెట్ పెట్టి టీంల దించిన. పేర్ల ఫారం మీద సారుతోపాటు కెప్టెన్ కూడ సంతకం పెట్టాలె. ఖాళీ ఫారం ముందల పెడితే, సారు చెప్పిండు గదా అని సరిత పెట్టేసింది.

సెమీస్‌ల ఎదుటి టీమోళ్లు పట్టేసిండ్రు. ఈ పిల్లను ఎవరు తెచ్చిండ్రని పోటీలు నడిపే పెద్దలు అడిగిండ్రు. నా నౌకరి కండ్ల ముందల మెదిలింది. పేర్లు కెప్టెన్ ఇచ్చింది, నేను చూడకుండ సంతకం పెట్టిన అన్న.

ఒక్క పాయింటు కోసం లొల్లి చేసే పిల్ల! తిట్టు తల్లీ, నా కాలర్ పట్టుకో అని లోపల మొత్తుకుంటున్న. అది నా దిక్కు చూసింది.

"అవ్ సార్. నేనే ఇచ్చిన."

పదో తరగతి పిల్లకు ఇంకొకరి బోనఫైడ్ ఎట్ల దొరుకుతదని అడిగినోడు ఒక్కడన్న ఉన్నడా? లేడు. అందరికి జల్ది ఇండ్లకు పోవాలె. టీంను తీసేసిండ్రు. సరితను ఆ ఏడాదంతా ఆడొద్దన్నరు. మరుసటేడుకు దాని వయసే దాటిపోయింది. నన్ను మాత్రం జర చూస్కోమన్నరు, గంతే. సిగ్గు లేకుండ తలూపిన.

వాపస్ వస్తుంటే బస్సుల నా పక్క సీటుకొచ్చి కూసుంది. మెల్లగ అడిగింది.

"సార్, కెప్టెన్ గట్లనే గదా చేయాలె?"

"అవ్ బిడ్డా" అన్న.

అక్కడి అబద్ధం భయానికి ఆడిన అనుకో. మరి ఈ అవ్ ఎందుకన్న? అడగనీకి ఆ పెద్దలెవరూ లేరు గదా ఆ బస్సుల. అప్పుడన్న చెప్పొచ్చు గదా, తప్పు నాదని. దానికి నేర్పిన ఒక్క మంచి మాటను నా తప్పు కప్పుకోనీకి వాడుకున్న. ఏం మనిషిని నేను?

సరిత ఇప్పుడు మన్నెగూడల ఒక బట్టల దుకాన్ల పని చేస్తది. మొన్న సభకు సెలవు పెట్టి వచ్చింది. ఆయన మైకుల పొగుడుతుంటే, అందరికంటె ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది అదే.

ఈ కాయితం దాని చేతుల పెట్టే ధైర్యం ఇంక రాలే. మాఫీ అడిగే ముఖం కూడ లేదు. కాని ఆనాడు నేను అనాల్సిన మాట దానితోని అనిపిచ్చిన, గది ఇయ్యాల నేను అంటున్న. ఆ పేర్లు సరిత ఇయ్యలే. నేనే ఇచ్చిన.