ఉచిత బస్సుకి ఇచ్చేసిన మూడో సబ్జెక్టు

ఒక చదువుని బస్సు సీటుకి అమ్మేసినవాడు రాజాం బజారంతా వెతికినా నేనొక్కణ్ణే దొరుకుతాను. అదీ అయినకాడికి కాదు, గట్టిగా బేరమాడి, మూడేళ్ల ఉచిత ప్రయాణం, దాని మీద కొసరుగా ఒక రెగ్జిన్ సంచీ రాబట్టి మరీ అమ్మాను. ఇరవై ఏళ్లుగా ఈ సంగతి గొప్పగానే చెప్పుకుంటున్నాను. మొన్న మా అన్నయ్య కూతురు ఫోను చేసి, "బాబాయ్, డిగ్రీకి బయాలజీ, సైకాలజీ ఖాయం సేసేసినాను. మూడోది ఏటి తీసుకోమంటావు?" అంది. అలవాటుగా బస్సు కథ ఎత్తుకోబోయి ఎందుకో ఆపేశాను. ఆలోచించి చెప్తానని పెట్టేశాను. పెట్టేశాక మా కిరాణా కొట్లో చింతపండు వాసన వేసింది. మేం చింతపండు అమ్మడం మానేసి చాలా కాలమైంది.

నావీ ఆ రెండే. డాక్టరు సీటు రాలేదు గనక, కొన్న పుస్తకాలు వృథా పోకూడదని బయాలజీ. కొనేవాడి మొహం చూసి ఎంతవరకు దిగుతాడో చెప్పగల షావుకారి కొడుక్కి మనసుల గురించి కొత్తగా చదివేదేముంది, సుళువుగా మార్కులొస్తాయి గదా అని సైకాలజీ. మూడోదే తేలలేదు. శ్రీకాకుళం వెళ్లే దారిలో కొత్తగా పెట్టిన ఆ ప్రైవేటు కాలేజీ కూడా మా కిరాణా కొట్టు లాంటిదే, ఏది అడిగితే అది కలిపి పొట్లం కట్టేవారు. చరిత్ర ఉంది, కంప్యూటర్లు ఉన్నాయి, ఎంచుకోవడమే తరువాయి.

మా ఇంట్లో చరిత్ర కావాలన్నది ఒక్కరే, మా మేనత్త. పెనిమిటి పోయాక పుట్టింటికొచ్చేసి, కొట్టు వెనక గదిలో చింతపండుకి గింజ తీస్తూ, పప్పులు చెరుగుతూ ఉండేది. అయిదో తరగతితో బడి మానిపించారు గానీ ఆవిడ చదవడం మానలేదు. పొట్లాలకని తూకానికి కొన్న పాత కాగితాలన్నీ కళ్లకద్దుకున్నట్టు చదివేది. ఒక కాగితంలో రాజు యుద్ధానికి బయల్దేరేవాడు, తరవాతి కాగితం ఎవరింటికో ఎండుమిరపకాయలతో వెళ్లిపోయేది. "ఆ రాజు గెలిసినాడో సచ్చినాడో" అని రెండ్రోజులు దిగులుపడేది. అందుకే నన్ను పిలిచి, "ఒరే, సరిత్ర తీసుకోరా. నువ్వు సదివేక నాకిచ్చెయ్. మొదులూ సివరా ఉన్న పుస్తకం ఒక్కటి సదవాలని ఉన్నాది" అంది. సరేలే అత్తా, అన్నాను. కొనకుండా వెళ్లిపోయేవాడికి కూడా మేం సరేలెండి అంటాం, అలా.

మర్నాడే కాలేజీ తరఫు మనిషి పిల్లల్ని చేర్చుకోడానికి బజార్లో తిరుగుతూ మా కొట్టు మెట్లెక్కాడు. కంప్యూటర్లకి పిల్లలు చాలడం లేదని అతని మాటల్లో పసిగట్టేశాను. ఇంక ఊరుకుంటానా? చరిత్రకే వెళ్తానని మొండికేసి, మధ్యలో రెండుసార్లు లేచి లోపలికి వెళ్లిపోయి, చివరికి బస్సూ సంచీ ఖాయం చేయించుకుని కంప్యూటర్లకి సంతకం పెట్టాను. నాన్న పొంగిపోయి పక్క కొట్టాయన్ని పిలిచి, "సూసేవా, మావోడు సదువు కొనేటప్పుడు కూడా కొసరు వొదల్లేదు" అన్నాడు. వెనక గదిలో అత్త గింజ తీస్తున్న చెయ్యి ఆపి, "పోన్లేరా, దాన్లో కూడా అచ్చరాలే కదా ఉంతాయి" అంది.

అన్నట్టే చదివింది. కంప్యూటరు ఎలా ఉంటుందో ఎన్నడూ చూడకుండా, ఆ తెలుగు పాఠ్యపుస్తకాన్ని మొదటి పేజీ నుంచి వరసగా చదివింది. చదివి నా చేత అప్పజెప్పించుకునేది, తప్పితే చింతగింజ విసిరేది. ఓ రోజు ఉన్నట్టుండి, "కరెంటు పోతే దాని గేపకం పోద్దంట, దాసుకున్నది మాత్రం ఉంతాదంట. మరి మనిసికేటిరా? నీ సైకాలజీలో ఏటి రాసినారు, బయాలజీలో ఏటి రాసినారు?" అని అడిగింది. నా మూడు సబ్జెక్టులూ ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నది మూడేళ్లలో ఆ ఒక్కసారే. నేను, "అది పరీక్షకి రాదత్తా" అన్నాను.

ఆ పుస్తకం సగమయ్యేసరికి ఆవిడకి ఒక్కటే కోరిక మిగిలింది. "ఒక్కపాలి ఆ యంత్రం నా కళ్లకి సూపించరా." మా కొట్టు గోడ మీద "అరువు రేపు" అని బోర్డుండేది, ఏ రోజు చదివినా అరువు రేపే. అత్తకీ అదే బోర్డు చూపించాను. దసరా వెళ్లాక, పరీక్షలయ్యాక, సారు ఒప్పుకున్నాక. అసలు సంగతి నాకు తెలుసు. చింతపండుకి నల్లబడ్డ ఆ వేళ్లూ, ఆ నేత చీరా ఇస్త్రీ చొక్కాల స్నేహితుల ముందుకి తేవడానికి నాకు సిగ్గు.

రెండో ఏడు కార్తీకమాసంలో వీధి ఆడవాళ్లతో శ్రీకూర్మం వెళ్లింది. తిరిగొస్తూ, వాళ్లని ముందు పొమ్మని, మా కాలేజీ దగ్గర ఒక్కతే దిగిపోయింది. నేను ల్యాబులో ఉన్నాను. బయట అటెండరు గొంతు వినిపించింది, "ఎవులు గావాలమ్మా?" అని. ఆవిడ నా పేరు చెప్పి, "నా మేనల్లుడు. రాజాం. కంప్యూటర్లు సదూతన్నాడు" అంది. నేను చెప్పు సర్దుకుంటున్నట్టు మానిటరు వెనక వంగిపోయాను. పక్కవాడు ఎవరూ అనడిగితే, మా కొట్లో పనిచేసే మనిషి అన్నాను. అటెండరు తలుపులోంచి తొంగిచూసి, "లేడమ్మా" అనేశాడు. ఆవిడ వెంటనే వెళ్లలేదు. ప్రసాదం పొట్లం ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి కిటికీ అద్దానికి అడ్డం పెట్టుకుని లోపలికి చూస్తూ నిలబడింది. నా పక్కన ఆపి ఉన్న మానిటరు నల్లటి అద్దంలో ఆవిడ నీడ కనిపిస్తూనే ఉంది. అది కదిలి వెళ్లిపోయేదాకా నేను తలెత్తలేదు.

సాయంత్రం ఇంటికెళ్తే నా చేతిలో ప్రసాదం పెట్టి, "సూసేన్రా. టీవీల్లాగ వరసగా ఉన్నాయి. ఒకదాని ఎనకాల ఎవుడో కుర్రోడు వొంగోని ఉన్నాడు. పాపం, నడుం నొప్పెట్టి ఉంతాది" అంది. అంతే. నవ్వుతూ అందో నవ్వకుండా అందో గుర్తు లేదంటాను. గుర్తుంది. నవ్వుతూనే అంది.

ఆ వారమే పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టి, "అయిపోనాదిరా" అంది. మరి ఏ పుస్తకమూ అడగలేదు. ఆ వేసవిలో మూడు రోజుల జ్వరంతో పోయింది. డిగ్రీలో నాకు అన్నిటికన్నా ఎక్కువ మార్కులొచ్చింది ఆవిడ అప్పజెప్పించుకున్న ఆ మూడోదాంట్లోనే. ఇప్పుడు మా కొట్లో బిల్లు కొట్టేదీ కంప్యూటరే. కరెంటు పోయి తెర నల్లబడినప్పుడల్లా అందులో నా భుజం వెనక ఎవరో చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నట్టుంటుంది. వెనక్కి తిరగను. కరెంటు వచ్చేదాకా కొనేవాళ్లతో పెద్దగా మాట్లాడుతూ కూర్చుంటాను.

నిన్న అన్నయ్య కూతురు మళ్లీ చేసింది. "ఏటి బాబాయ్, ఒక్క సబ్జెక్టు సెప్పడానికి ఇన్నాళ్లా? బేరమాడతన్నావా ఏటి?" అంది. ఈసారి కథని బస్సు దగ్గర ఆపలేదు. కిటికీ దాకా చెప్పాను. అంతా విని, "మీ అత్త నిన్ను సూసేసిందని నీకు తెలుసా?" అంది. తెలుసన్నాను. ఆ మాట అంతకుముందు ఎప్పుడూ పైకి అనలేదు.

కాబట్టి లెక్క ఇది. వచ్చినవి: మూడేళ్ల బస్సు, ఒక సంచీ, ఆవిడ పెట్టిన భిక్షగా మంచి మార్కులు. పోయింది: నడుం ఎత్తి, తలుపు తీసి, "లోపలికి రా అత్తా" అనడానికి పట్టే ఒక్క నిమిషం. ఆ రోజు అది నా దగ్గర ఊరికే పడి ఉంది. ఇవాళ నా దగ్గర ఇరవై ఏళ్లున్నాయి, అందులో ఆ నిమిషం లేదు.